ఆ కుండ చేసినావిడ పేరేమిటి? అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్ర గవర్నర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన గవర్నర్ గారికి,

నమస్కారం. మేము మీ రాష్ట్రంలోని అల్బుకర్కీలో ఉంటున్న తెలుగువాళ్లం. ఈ ఉత్తరం ఇంగ్లీషు ప్రతి మీ ఆఫీసుకు పంపాను. ఇక్కడి మనవాళ్లు కూడా చదవాలని తెలుగులోనూ రాస్తున్నాను.

మొన్న సెలవుల్లో మా అమ్మాయితో ఒక మ్యూజియానికి వెళ్లాను. అద్దాల బీరువాలో అకోమా అనే ఆదివాసీ ఊరి నీళ్ల కుండ ఒకటి ఉంది. తెల్లటి కుండ మీద వెంట్రుకంత సన్నని నల్ల గీతలు, ఒక్కటీ వంకర పోలేదు. కింద కార్డు మీద ఊరి పేరుంది, కాలం ఉంది, కొని తెచ్చి ఇచ్చినాయన పేరుంది. చేసినవారి దగ్గర మాత్రం ‘తెలియదు’ అని ఉంది. “కొన్నాయన పేరు రాసుకున్నవాళ్లు చేసినావిడ పేరు ఎందుకు అడగలేదమ్మా?” అంది మా అమ్మాయి. నేను జవాబు చెప్పలేకపోయాను.

అకోమా లాంటి ఇక్కడి ఆదివాసీ ఊళ్లను ప్యూబ్లోలు అంటారు. ఆ ఊళ్లలో కుండలు చేయడం తరతరాలుగా ఎక్కువగా ఆడవాళ్ల పని. మన కుమ్మరుల్లా సారె తిప్పరు. మట్టిని తాడులా పేని, చుట్ట మీద చుట్ట పెట్టి పైకి లేపుతారు. ఎండిన సొరబుర్ర పెంకుతో గీకి పల్చన చేస్తారు. యుక్కా అనే ఎడారి మొక్క ఆకు కొస నమిలి కుంచె చేసుకుంటారు. నునుపు చేసే గులకరాయి తల్లి నుంచి కూతురికి వస్తుంది. అకోమాలో పాత కుండపెంకులు నూరి కొత్త మట్టిలో కలుపుతారు. అలా అమ్మమ్మ చేసిన కుండ మనవరాలి కుండలో కలిసిపోతుంది. ఇన్ని తరాలు కలిసిన కుండకు ‘తెలియదు’ అన్న ఒక్క మాట రాసి ఊరుకోవడం నాకు చాలా బాధనిపించింది.

సాన్ ఇల్డెఫాన్సో అనే ప్యూబ్లోకు చెందిన, కుండలు చేసే మరియా మార్టినెజ్ గారి సంగతి మీకు తెలిసిందే. పజారిటో పీఠభూమి తవ్వకాల్లో బయటపడ్డ పాత పెంకుల తీరులో కుండలు చేసి చూపించమని పురావస్తువాళ్లు ఆవిడను అడిగారు. తర్వాత, 1919 ప్రాంతంలో, ఆవిడా భర్త జూలియన్ గారూ కలిసి నలుపు మీద నలుపు కుండలు, అంటే మెరిసే నల్ల కుండ మీద మెరుపు లేని నల్ల బొమ్మలున్నవి, చేశారు. ఆవిడ రాయితో మెరుగు పెడితే ఆయన బొమ్మలు వేసేవారు. ఆరుబయట కట్టెలు, పిడకలు పేర్చి కాలుస్తూ, మంట మీద పేడపొడి కప్పి పొగలో మగ్గనిస్తే ఎర్రటి కుండ నల్లగా మారుతుంది. పిడకల మాట వినగానే నాకు మా ఊరు గుర్తొచ్చింది. ఆ కిటుకు ఆవిడ దాచుకోలేదు. ఊళ్లోవాళ్లకు నేర్పారు, ఎన్నో ఇళ్లకు అదే ఆదాయమైంది. 1920ల్లో కుండల అడుగున సంతకం పెట్టడం మొదలుపెట్టారు. అంతకుముందు చేసినవాళ్లకు ఆ అవకాశం లేకపోయింది.

కొచిటీ ఊరి హెలెన్ కోర్డెరో గారు 1964లో కథలు చెప్పే తాతను, ఆయన మీదికెక్కిన పిల్లలను మట్టితో చేశారు. ఆ తాత ఆవిడ సొంత తాతే. శాంటా క్లారా ప్యూబ్లోలో మార్గరెట్ తఫోయా గారి పెద్ద పెద్ద కుండల మీద ఎలుగుబంటి పాదం గుర్తు ఉంటుంది. 1977లో ప్యూబ్లో కుండల మీద తపాలా బిళ్లలు వచ్చాయి. ఇవన్నీ మీ రాష్ట్ర చరిత్రే కదండీ.

నేను అడిగేది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ప్రభుత్వ మ్యూజియాల్లో పేరు లేని కుండల ఫోటోలను ఆయా ఊళ్లకు పంపించండి. గీత చూసి, మట్టి చూసి ఏ ఇంటిదో పోల్చగల పెద్దవాళ్లు అక్కడ ఉన్నారు. వాళ్ల సమయానికి తగిన డబ్బు ఇవ్వండి. ఏది చెప్పాలో, ఏది చెప్పకూడదో ఆ ఊరివాళ్లే తేల్చుకోవాలి, ఎందుకంటే కొన్ని వాళ్ల పూజలకు సంబంధించినవి. పేరు దొరకని చోట కూడా ‘తెలియదు’ తీసేసి ‘అకోమా మహిళ చేసిన కుండ’ అని రాయించండి. రోడ్ల పక్కన మహిళల చరిత్ర చెప్పే బోర్డులు పెట్టించిన రాష్ట్రం మీది. ఈ పని కూడా మీవల్ల అవుతుంది.

ఆ కుండ దగ్గరికి మళ్లీ తీసుకెళ్తానని మా అమ్మాయికి మాటిచ్చాను. ఆ కార్డు మారాక తీసుకెళ్లాలని ఉంది.

ఇట్లు,
అల్బుకర్కీ నుంచి ఒక తెలుగు తల్లి