ఒరేయ్, దొంగ దొరికాడు

ఒరేయ్ మేధావీ,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. తిట్టుకో, పర్లేదు. కానీ ఆలస్యంలో సగం పాపం నీదే, కింద చెప్తాను. అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది, చెల్లి పరీక్షలయ్యాయి, నేను బానే ఉన్నాను. ఇంట్లో కబుర్లు ఇంతే.

నా కంప్యూటర్‌కి నీలి తెర జబ్బు పట్టుకుందిరా, అదే, విండోస్ కుప్పకూలినప్పుడు వచ్చే తెర! పని మధ్యలో ఉన్నట్టుండి ఆ ఏడుపు మొహం, ఎర్రర్ కోడ్ చదివేలోపే రీస్టార్ట్. ముందు స్టార్టప్ అండ్ రికవరీలోకి వెళ్లి ఆటోమేటిక్ రీస్టార్ట్‌కి టిక్ తీసేశాను. క్రాష్ వివరాలు దాచే డంప్ ఫైల్ చూద్దామని విండోస్ ఫోల్డర్ తెరిస్తే మినీడంప్ అన్న ఫోల్డరే లేదు! క్రాష్ అయినప్పుడు ఆ సమాచారం ముందు పేజ్ ఫైల్‌లోకి (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్కు మీద వాడుకునే ఫైల్) వెళ్తుందట, మళ్లీ ఆన్ చేశాక డంప్‌గా బయటికొస్తుందట. నా పేజ్ ఫైల్ ఏది? "16 జీబీ ర్యామ్ పెట్టుకుని పేజ్ ఫైల్ ఎందుకురా, దండగ" అని తీయించిన మహానుభావుడెవరు? చెప్పు!

సరే, అది తిరిగి పెట్టాను. ఇక క్రాష్ కోసం ఎదురుచూపులు. రాకపోతే కోపం, ఊహించుకో. వచ్చింది. డంపులు చదివే విన్‌డీబగ్‌ ప్రోగ్రామ్‌లో తెరిచి, దానికి కావలసిన మైక్రోసాఫ్ట్ సింబల్స్ (విండోస్ కోడ్‌లోని పేర్ల ఫైళ్లు) దింపుకోనిచ్చి, అనలైజ్ కమాండ్ కొట్టాను. డీ1 అన్న ఎర్రర్ కోడ్, వైఫై డ్రైవర్ (వైఫైని నడిపే ప్రోగ్రామ్) పేరు. కొత్త డ్రైవర్ వేసి, పెద్ద డిటెక్టివ్‌లా కాలర్ ఎగరేశాను.

రెండ్రోజులకి మళ్లీ. ఈసారి కోడ్ 50, గ్రాఫిక్స్ డ్రైవర్. అదీ పీకి మళ్లీ వేశాను. మూడోది 1ఎ, మెమరీ మేనేజ్‌మెంట్, నిందేమో ఎన్‌టీ కెర్నల్ మీద. అంటే సాక్షాత్తూ విండోస్ గుండెకాయ. ఆ రాత్రి నిజంగా ఏడుపొచ్చింది. విండోస్ మొత్తం చెరిపేద్దామనుకున్నాను.

చివరికి మూడు డంపులూ పక్కపక్కన పెట్టుకుని చూస్తుంటే నీ గొడుగు కేసు గుర్తొచ్చింది. గొడుగు ఎవరి చేతిలో ఉంటే వాడే దొంగ అనేశారుగా! ఒక్క డ్రైవరే చెడిపోతే ప్రతిసారీ వాడి పేరే రావాలి కదా? ఇక్కడ కోడూ మారుతోంది, పేరూ మారుతోంది. ఎవడో మెమరీలో రాతలు పాడుచేసి పోతున్నాడు, పాపం తర్వాత చదవడానికొచ్చినవాడు దొరికిపోతున్నాడు.

ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి పెట్టాను. మొదటి పాస్‌లోనే తెరంతా ఎర్ర గీతలు. రెండు ర్యామ్ స్టిక్కులనీ విడివిడిగా, ఒకే స్లాట్‌లో పెట్టి చూశాను, నేరం స్లాట్ మీదికి పోకుండా. ఒకటి శుభ్రం. రెండోది... అదేరా, దొంగ! తీసేసి తొమ్మిది రోజులైంది, ఒక్క నీలి తెర లేదు. 8 జీబీతో ఈడుస్తున్నాను.

మినీడంపులు నీకు పంపుతాలే, ముచ్చటగా చూసుకో. పెద్ద మెమరీ డంప్ మాత్రం అడక్కు. ఆ క్షణంలో మెమరీలో ఉన్నవి బోలెడు అందులో పడతాయి, నీ గురించి నేను చెల్లికి రాసినవి కూడా.

ఒక్కటే దిగులు. ఆ చెడ్డ ర్యామ్ ఉన్నప్పుడే మన పాత ఫొటోలన్నీ కొత్త డిస్కుకి కాపీ చేశాను. నిన్న ఒక జిప్ తెరుచుకోలేదు. నువ్వు బురదలో పడ్డ ఫొటో అందులోనే ఉందేమో... నీ దగ్గర ఒరిజినల్స్ ఉన్నాయా? చెరిపేయకు, ఒట్టు! ఇంకా ఆ మూడో బెంచీ సంగతి కూడా రాద్దామనుకున్నా గానీ నాన్న బండి తీసి హారన్ కొడుతున్నాడు, నేను