ఆశా అక్కకు, మా డాక్టరమ్మకు అందరి ముందూ ఒక దండం

గుండెజబ్బు వచ్చిన అమ్మ ఇప్పుడు బాగుంది. ఆసుపత్రి నుంచి వచ్చేసింది, పొద్దున్నే యూనివర్సిటీ గ్రౌండ్‌లో నెమ్మదిగా నడుస్తోంది. ఫోన్లు చేసి అడిగిన వాళ్లందరికీ థాంక్స్. అయితే ఇది రాస్తున్నది మా వీధి ఆశా అక్క కోసం, మా పేట అర్బన్ హెల్త్ సెంటర్ డాక్టరమ్మ కోసం. పేర్లు వద్దన్నారు, రాయను.

ముప్పై దాటినవాళ్లకు బీపీ, షుగర్ చూడ్డానికి అక్క ఇంటికొచ్చింది. అమ్మకు ఛాతీ నొప్పి లేదు. అలిపిరి మెట్లెక్కితే గాలిగోపురం రాకముందే ఆయాసం, దవడ లాగడం. మెడికల్ షాపులో గ్యాస్ మాత్రలిచ్చారు. "నడిస్తే వచ్చి కూర్చుంటే పోయేది గ్యాస్ ఎట్లవుతుంది పెద్దమ్మా?" అని అక్క ఆ రోజే సెంటర్‌కు పిలుచుకుపోయింది. అక్కడి నుంచి తిరుపతి స్విమ్స్ ఆసుపత్రికి. యాంజియోగ్రామ్‌తో గుండె రక్తనాళాలు చూసి, పూడుకుపోయిన చోట స్టెంట్ అనే సన్నటి గొట్టం వేశారు.

డాక్టరమ్మ అమ్మ పాత కాగితాలన్నీ తెమ్మంది. నలభై కాకముందే అమ్మకు గర్భసంచి తీసేశారు, దాంతోపాటు అండాశయాలు కూడా. మన దగ్గర ఈ ఆపరేషన్ ఇంటికొకరికి అన్నట్టు జరిగిపోయింది, ఎందుకని అడిగినవాళ్లు తక్కువ. అండాశయాలు తీసేస్తే వాటి నుంచి వచ్చే ఈస్ట్రోజెన్ హార్మోన్ ఒక్కసారిగా పడిపోతుంది. చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుంది, మామూలుగా యాభై దగ్గర మొదలయ్యే గుండెజబ్బు ముప్పు పదేళ్లు ముందే వస్తుంది. అలాంటివాళ్లు అప్పటి నుంచే బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకుంటూ ఉండాలట. ఆ మాట మాకు ఇన్నేళ్లలో చెప్పిన మొదటి మనిషి ఆమె.

తర్వాత నన్ను అడిగింది: "కాన్పప్పుడు బీపీ పెరిగిందా?" పెరిగింది. మూత్రంలో ప్రొటీన్ పోయింది, నెల ముందే ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. బిడ్డ పుట్టాక బీపీ దిగింది, కథ అక్కడితో అయిపోయిందనే ఇంటికి పంపారు. అయిపోదట. కడుపుతో ఉన్నప్పుడు ఇలా బీపీ పెరగడాన్ని ప్రీఎక్లాంప్సియా అంటారట, అది వచ్చినవాళ్లకు తర్వాతి కాలంలో గుండెజబ్బు, పక్షవాతం ముప్పు దాదాపు రెట్టింపు. అందుకే ఏటా బీపీ చూపించుకోవాలి. కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చినవాళ్లు కాన్పయిన 6 నుంచి 12 వారాల్లో గ్లూకోజ్ పరీక్ష చేయించుకుని, ఆ తర్వాత ఏడాది నుంచి మూడేళ్లకోసారి చూసుకోవాలి. హార్మోన్ల తేడాతో నెలసరి సరిగా రాని పీసీఓఎస్ ఉన్న ఆడపిల్లలకు కూడా బరువు, షుగర్ మీద కన్నుండాలంది. మా పాపను కూడా వదల్లేదు: గొంతునొప్పి, జ్వరం తగ్గిన కొన్ని వారాలకు కీళ్లు వాచి నొప్పెడితే వెంటనే తీసుకురమ్మంది. రుమాటిక్ జ్వరం గుండె కవాటాలను పాడుచేస్తుందట.

ఉప్పు రోజుకు 5 గ్రాములు మించొద్దట, అంటే అన్నీ కలిపి ఒక చిన్న చెంచా. అమ్మకు స్టెంట్ కన్నా ఇదే పెద్ద దెబ్బ. "ఊరగాయ లేకుండా సంగటి ఎట్ల దిగుతుంది?" అని డాక్టరమ్మతోనే గొడవ. చెనక్కాయల పచ్చడిలో ఉప్పు తగ్గించి, నిమ్మకాయ పిండుకుని తినడానికి ఇద్దరూ రాజీపడ్డారు.

రాత్రుళ్లు వార్డులో అమ్మ పక్కనే ఉన్న ఎదురింటి పెద్దమ్మకు, బాడుగ తీసుకోని ఆటో అన్నకు కూడా రుణపడి ఉంటాం.

ఆశా అక్క ఈ ఆదివారం పొద్దున మా అరుగు మీద బీపీ మిషన్‌తో కూర్చుంటుంది. వీధిలోని ఆడవాళ్లు వచ్చేటప్పుడు కాన్పు కాగితాలు, గర్భసంచి ఆపరేషన్ కాగితాలు ఎంత పాతవైనా సరే వెతికి తెచ్చుకోండి.