రెండో మనిషి చదవని కాగితం

సంపాదకులకు నమస్కారం.

ఇటీవల మీ ఉత్తరాల శీర్షికలో ఒక పాఠకుడు కరపత్రాల్లో, ఫారాల్లో, బోర్డుల మీద కనిపించే అక్షరదోషాల గురించి బాధపడుతూ రాశారు. చివరికి 'ఈ తరానికి తెలుగు రాదు' అని తేల్చేశారు. ఆయన బాధతో నాకు పేచీ లేదు, తేల్చిన తీరుతోనే ఉంది. పుస్తకాలు, బ్రోషర్లు, వాడుక సూచనల కాగితాలు ప్రూఫు దిద్దడం నా పని. తప్పు కనపడగానే అది ఏ దారిన వచ్చిందా అని చూడటం అలవాటైపోయింది. తెలుగు రాక వచ్చే తప్పులు ఉన్నాయి, కాదనను. కానీ రోజూ అచ్చులో కనబడేవాటిలో చాలావాటికి ఆ కారణం అతకదు.

'బుుణం' సంగతే చూడండి. ఋణం అని ఉండాల్సిన చోట బకు కొమ్మిచ్చి, ఆ పక్కనే ఇంకో కొమ్ము తగిలిస్తారు. బుుషి, బుుతువు కూడా ఇలాగే పుట్టాయి. టైపు చేసిన మనిషికి ఋ ఎలా ఉంటుందో బాగా తెలుసు. తెలియకపోతే ఆ బొమ్మ కట్టలేడు కదా! కీబోర్డులో అది ఎక్కడుందో దొరకలేదు, అవతల పని తొందర. చేతికందిన ముక్కలతో ఆకారం తెచ్చి ముందుకెళ్లిపోయాడు. హాయిగా రుణం అని రాసినా సరిపోయేది, పత్రికలు రాస్తూనే ఉన్నాయి. చిన్న అక్షరాల్లో అచ్చయితే ఈ తేడా ఎవరికీ కనపడదు. అదే ఫైలులో 'ఋణం' అని వెతకండి, ఒక్కటీ దొరకదు. చూపు లేనివాళ్లకు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కైతే అది ఋ కానే కాదు.

ఇంకో రకం 'వుంత్రి', 'సవుస్య', 'సవూవేశం'. అంటే మంత్రి, సమస్య, సమావేశం అన్నమాట. ఇవి చూసి నవ్వుకునేవాళ్లు ఎక్కువ. వీటిని ఏ మనిషీ టైపు చేయలేదు. యూనికోడ్ అంటే అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లలో ఒకే లెక్క ఉండేలా పెట్టుకున్న పద్ధతి. అందులో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది, 128 గళ్లు కేటాయించారు. అయినా మన డీటీపీ చాలాకాలం పాత ఫాంట్లతోనే నడిచింది. వాటిలో తెరమీద కనిపించేది తెలుగు, లోపల కంప్యూటరు దాచుకునేది ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ. ఏ ఫాంటు లెక్క దానిదే. కొన్నింటిలో మ అనే అక్షరాన్ని వ బొమ్మా, కొమ్ము బొమ్మా పక్కపక్కన పెట్టి కట్టేవారు. కాగితం మీద చక్కటి మ పడేది. ఆ ఫైలును యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాముకు ఈ గుట్టు తెలియకపోతే వకు కొమ్మిచ్చి 'వు' అని రాసి పెడుతుంది. మా కాస్తా 'వూ' అవుతుంది. మార్చాక ఒక్కసారి ఎవరైనా చదివి ఉంటే మొదటి పేజీలోనే దొరికిపోయేది. చదవలేదు, అంతే.

సర్టిఫికెట్ల మీదా బ్యానర్ల మీదా ఒత్తులు ఊడిపోయి, ఒత్తు ఉండాల్సిన చోటల్లా పొల్లు మొలిచి కనిపించడం కూడా ఈ కోవలోదే. బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్‌లో భారతీయ లిపుల సెట్టింగు మార్చుకోకపోతే అలా వస్తుంది. 'సాఫ్ట్వేర్' అని టకు వ ఒత్తు వేలాడటానికి కారణం ఇంకా చిన్నది. ఆ రెండింటినీ విడదీసే, కంటికి కనపడని ఒక గుర్తు మధ్యలో పెట్టలేదు.

చెవిని నమ్ముకుని రాసేవి వేరు. చిహ్నం 'చిన్హం' అవుతుంది, బ్రహ్మ 'బ్రమ్హ' అవుతాడు. మనం పలికేది అలాగే కాబట్టి ఆ చేతిని మరీ తిట్టలేం. థ, ధ తగాదా కంటిది. రెండింటికీ తేడా కడుపులో చుక్క ఒక్కటే. చిన్న సైజులో సిరా కాస్త ఎక్కువ పడితే అది మూసుకుపోతుంది. అలా చూసి చూసి, ఆర్థికం 'ఆర్ధికం'గానూ అర్ధరాత్రి 'అర్థరాత్రి'గానూ చోట్లు మార్చుకుని స్థిరపడ్డాయి.

ఇవన్నీ చూడటానికి ఇబ్బందిగా ఉంటాయి తప్ప ఎవరికీ హాని చేయవు. నాకు టెన్షన్ పెట్టేవి వేరే ఉన్నాయి.

ఒకసారి కరెంటుతో నడిచే ఒక పరికరం వాడుక సూచనలు ప్రూఫుకు వచ్చాయి. చక్కటి కాగితం, రంగుల బొమ్మలు. హెచ్చరికల కింద, ఎర్రటి గడిలో, బొద్దు అక్షరాల్లో 'తడి చేతులతో తాకండి' అని ఉంది. మూలప్రతి తీసి చూస్తే శుభ్రంగా 'తాకకండి' అనే ఉంది. కంపోజింగులో ఒక క జారిపోయింది. అప్పటికే ఆ కాగితాన్ని కంపోజ్ చేసినవారు, డిజైన్ చేసినవారు, కంపెనీ తరఫు మనిషి చూసి ఓకే చేశారు. వాళ్లలో తెలుగు రానివారు ఒక్కరూ లేరు. అందరూ అక్కడ 'తాకకండి' అనే చదివారు, ఎందుకంటే అక్కడ ఉండాల్సింది అదేనని వాళ్లకు ముందే తెలుసు. పక్కపక్కన రెండు కలు ఉంటే కన్ను ఒకదాన్ని మింగేస్తుంది, లేనిదాన్ని తనే పెట్టుకుంటుంది కూడా.

మన భాషలో వద్దని చెప్పే భారమంతా ఇలాంటిచోట్ల ఒక్క అక్షరం మీద ఉంటుంది. తెరవకండి, తెరవండి. వాడకండి, వాడండి. కొమ్ము ఎగిరిపోతే 'భోజనానికి అరగంట ముందు' వేసుకోవాల్సిన మాత్ర 'భోజనానికి అరగంట మందు' అవుతుంది. కంప్యూటరు పట్టుకుంటుందిలే అనుకోవద్దు. తాకండి సరైన మాటే, మందూ సరైన మాటే, వాటి కింద ఎర్రగీత పడదు. పైగా ఒక్క 'ఇల్లు' నుంచే ఇంటికి, ఇంట్లో, ఇంటివాళ్లకేనా, ఇంటిదాకానైనా అంటూ పుట్టుకొచ్చే రూపాలన్నీ కంప్యూటరు దగ్గరుండే ఏ మాటల జాబితాలో పడతాయి? సరైన మాటకు కూడా ఎర్రగీతలు పడుతుంటే జనం విసిగి ఆ సౌకర్యాన్నే ఆపేస్తున్నారు.

పూర్వం ఇలాంటివి పట్టడానికి ఒక పద్ధతి ఉండేది. ఒకరు మూలప్రతిని పైకి చదువుతుంటే ఇంకొకరు ప్రూఫు మీద పెన్సిలు కదిపేవారు. దిద్దిన తర్వాత మళ్లీ ప్రూఫు తీసేవారు. అప్పటికీ తప్పించుకున్న ముద్రారాక్షసాలకు పుస్తకం చివర తప్పొప్పుల పట్టిక ఉండేది. ఇప్పుడు పీడీఎఫ్ వాట్సాప్‌లో వెళ్తుంది. అవతలివారు ఫోనులో రంగు చూస్తారు, ఫొటో బాగా పడిందా అని చూస్తారు, బొటనవేలి బొమ్మ పంపిస్తారు. అదే ఫైనల్ ప్రూఫ్. ఖర్చు తగ్గించుకోవాలంటే మొదట ఎగిరిపోయేది చదివే మనిషే.

కాబట్టి అచ్చుకు ఇచ్చేవారికి నా మనవి: కాగితం మీద ప్రింటు తీయండి. రాసినవారు కాకుండా ఇంకెవరైనా పైకి చదవాలి, మీరు మూలప్రతితో పోల్చుకోవాలి. హెచ్చరికలూ మోతాదులూ ఉంటే చివరి వాక్యం నుంచి మొదటి వాక్యానికి వెనక్కి చదవండి. అర్థం వెంట పరుగెత్తే వీలు లేనప్పుడే కన్ను అక్షరాలను చూస్తుంది. పేర్ల జాబితాలైతే ఆ పేరుగలవారి చేతే చదివించండి, ఇంకెవరు చూసినా లాభం లేదు.

ఎర్ర పెన్ను పట్టుకుని తిరిగే మిత్రులకూ ఒక మాట. వాళ్లు, వాళ్ళు రెండూ వాడుకలో ఉన్నవే. తరువాత, తర్వాత కూడా అంతే. ఒకే పుస్తకంలో రెండూ కలగలిస్తే నేనూ ఒకదానికి మారుస్తాను, అది ఇల్లు సర్దుకోవడం లాంటిది. దాన్ని పట్టుకుని భాష చచ్చిపోతోందని గగ్గోలు పెడితే, నిజంగా తాకకూడనిది తాకమన్న కాగితం గురించి చెప్పినప్పుడు ఎవరూ వినరు.

ఇక మీ పత్రికకు. అంకెలో, హోదాలో పొరపాటు పడితే మీరు మర్నాడు సవరణ వేస్తారు. అర్థాన్ని తిరగేసే అక్షరదోషానికి కూడా ఆ గడిలో చోటివ్వండి. మీ వెబ్ ఎడిషన్‌లో పాత సంచికల వార్తలు ఇప్పటికీ వుంత్రులతో, సవుస్యలతో నిండి ఉన్నాయి. 'మంత్రి' అని వెతికిన పాఠకుడికి అవి దొరకవు. అన్నిచోట్లా ఒక్క దెబ్బకు 'వు'ను 'మ'గా మార్చేయమని మాత్రం కంప్యూటరుకు చెప్పకండి, చదువు కాస్తా 'చదుమ' అవుతుంది. చెడిపోయిన మాటల పట్టిక ఒకటి తయారుచేసి, ఒక్కో మాటనూ చూసుకుంటూ మార్చాలి. దానికి మనిషి కావాలి.

ఇట్లు,
ప్రూఫులు దిద్దే మీ పాఠకురాలు