చెయ్యి లేస్తే చాలదు, స్పర్శ కూడా చూడాలి

సంపాదకుడి గారికి,

మా అమ్మ గుంటూరులో మిర్చి తొడిమలు తీసే కూలీ. నిరుడు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. ఆసుపత్రిలో చేయించిన వ్యాయామాలతో మూడు నెలలకు చెయ్యి లేచింది, పిడికిలి బిగిసింది. నయమైపోయిందని పంపేశారు. ఇంటికొచ్చి ఎండుమిరపకాయ పట్టుకుంటే, అది వేళ్ళ మధ్య ఉందో జారిపోయిందో కళ్ళతో చూస్తే తప్ప ఆమెకు తెలియలేదు. గట్టిగా అదిమితే కాయ చిట్లి గింజలన్నీ ఒళ్ళో పడ్డాయి. "కళ్ళు మూసుకుంటే ఈ చెయ్యి నాది కానట్టే ఉంది తల్లీ" అంది. కూలి కిలోల లెక్కన ఇస్తారు, కాయ విరిగితే మాట పడాలి. అమ్మ పని మానేసింది.

అన్ని నెలల్లో ఆమె వేలికొనకు దూది తాకించి "తెలుస్తోందా?" అని అడిగినవారు ఒక్కరూ లేరు. నా బాధంతా అదే.

చర్మంలో ఒత్తిడిని పసిగట్టే గ్రాహకాలను, అంటే తాకిడిని పట్టి కబురు పంపే ప్రోటీన్లను, కనుగొన్న ఆర్డెమ్ పటపౌటియన్‌కు, మిరపకాయ ఘాటు సాయంతో వేడిని గుర్తించే గ్రాహకాన్ని పట్టుకున్న డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. అమ్మ చర్మానికి ఏమీ కాలేదు. దెబ్బ తగిలింది ఆ కబురు అందుకునే మెదడుకు. మెదడులో ఏ భాగం ఏ అవయవం స్పర్శను అందుకుంటుందో 1930లలోనే కెనడాలోని మాంట్రియల్‌లో మెదడు శస్త్రవైద్యుడు పెన్‌ఫీల్డ్ పటం గీశారు. వీపు మొత్తానికి దక్కిన చోటు కన్నా చేతి వేళ్ళకు దక్కిన చోటే చాలా ఎక్కువ.

ఇప్పుడు 7 టెస్లా (టెస్లా అంటే అయస్కాంత బలానికి కొలత) ఎంఆర్ఐ యంత్రాలు మిల్లీమీటరు కన్నా చిన్న వివరాన్ని చూపగలుగుతున్నాయి. మన ఆసుపత్రుల్లో సాధారణంగా ఉండేవి 1.5, 3 టెస్లావి. స్పర్శను అందుకునే మెదడు పొర మందం సుమారు 2 మిల్లీమీటర్లే అయినా, అందులో మళ్ళీ పొరలున్నాయి. చర్మం నుంచి వచ్చే కబురు ముఖ్యంగా మధ్య పొరను కదిలిస్తే, "ఇప్పుడు ఇది తగలబోతోంది" అని మెదడే వేసుకునే అంచనా పై, కింది పొరలను కదిలిస్తుందని 2019లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. అంటే తాకి తెలుసుకోవడంలో మెదడు ఊరికే కూర్చుని వినదు, ముందుగానే ఎదురుచూస్తుంది. అలాంటప్పుడు దానికి మళ్ళీ నేర్పే ప్రయత్నం చేయకుండా వదిలేయడం ఎంత అన్యాయం!

స్పర్శకు శిక్షణ ఉంది. కళ్ళు మూసి తాకించడం, ఏమిటో చెప్పమనడం, తర్వాత కళ్ళు తెరిచి సరిచూసుకోమనడం. అందరికీ పూర్తిగా తిరిగి రాదు, కొందరికి మెరుగవుతుంది. నేను సాయంత్రాలు పళ్ళెంలో బియ్యం పోసి, రూపాయి బిళ్ళ, చింతగింజ దాచి అమ్మ చేత వెతికిస్తున్నాను. పోయిన వారం చింతగింజను చూడకుండానే చెప్పింది.

7 టెస్లా యంత్రం తెప్పించమని నేను అడగడం లేదు. దూది, గరుకు కాగితం, గుడ్డముక్క చాలు. గుంటూరు, విజయవాడ ప్రభుత్వాసుపత్రుల్లో పక్షవాతం రోగిని ఇంటికి పంపేముందు స్పర్శ పరీక్షించాలి, ఇంట్లోవాళ్ళకు ఆ శిక్షణ నేర్పాలి. డిశ్చార్జి కాగితంలో చెయ్యి కదలిక పక్కన "స్పర్శ ఎంత ఉంది" అనే వరుస ఒకటి చేర్చాలని ఆరోగ్యశాఖను కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, గుంటూరు