ఆ పిల్లాడి సంచి ఎందుకు వెతికారు?

సంపాదకుల వారికి నమస్కారం.

నేరగాళ్ల మెదడు, జన్యువుల గురించి, వాటిలోని తేడాల వల్లే కొందరు హింసకి దిగుతారంటూ మీ ఆదివారం పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. చెన్నైలో ముప్పై ఏళ్లు స్కూలు పిల్లలకి జంతుశాస్త్రం చెప్పినవాణ్ని, కాబట్టి ఆసక్తిగానే చదివాను. అందులో రాసినవి అబద్ధాలు కావు. కానీ సగమే రాశారు. ఆ సగం మా అపార్ట్‌మెంట్‌లో ఏం చేసిందో మీకు తెలియాలనే ఈ ఉత్తరం.

మా బ్లాకులో ఒకరి సెల్‌ఫోన్ పోయింది. మూడో అంతస్తులో పనిచేసే ఆవిడ కొడుకు తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. స్కూలు వదిలాక, అమ్మ పని అయ్యేదాకా మెట్ల మీద కూర్చుని హోంవర్కు చేసుకుంటాడు. వాళ్లు ఎరుకలవాళ్లు, ఆవిడ పుట్టిల్లు స్టువర్టుపురం. ఆ సంగతి ఎలాగో బయటపడింది. మీ వ్యాసాన్ని ఫొటో తీసి ఎవరో మా వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద ‘రక్తంలోనే ఉంటుందట’ అని రాశారు. ఆ సాయంత్రమే వాచ్‌మన్ గది ముందు పిల్లాణ్ని నిలబెట్టి సంచి చూపించమన్నారు. రెండు నోటుబుక్కులు, జామెట్రీ బాక్సు, మూత సరిగ్గా పట్టని టిఫిన్ డబ్బా, కాగితంలో చుట్టిన సగం పల్లీ ఉండ. ఒక్కొక్కటీ తీసి నేల మీద వరసగా పెట్టాడు. ఫోన్ లేదు. అది ఇప్పటికీ దొరకలేదు. నేనూ అక్కడే ఉన్నాను. ‘ఎందుకండీ ఇదంతా’ అన్నాను గానీ గట్టిగా అనలేకపోయాను. ఆ బాధ నన్ను వదలడం లేదు.

చెన్నై నుంచి విజయవాడ వెళ్లే రైల్లో చీరాల దాటాక స్టువర్టుపురం స్టేషను వస్తుంది. ఆ బోర్డు కనబడగానే పెద్దవాళ్లు సంచులు దగ్గరికి లాక్కునేవారు, నా చిన్నప్పటి నుంచీ చూశాను. ఆ ఊరు ఎలా పుట్టిందో మాత్రం ఎవరూ చెప్పేవారు కాదు. ఎరుకలవాళ్లు ఒకప్పుడు పశువుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగి అమ్మేవాళ్లు. రైళ్లు వచ్చాయి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది, ఆ బేరం కూలిపోయింది. బతుకుదెరువు పోయిన వాళ్ల మీద నేరజాతి అనే ముద్ర పడింది. 1871లో ఉత్తరాదిన తెచ్చిన నేరజాతుల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తింపజేశారు. ఆ తర్వాత రెండుమూడేళ్లకే సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నడిపే సెటిల్‌మెంటుగా, అంటే ముద్ర పడ్డవాళ్లను కాపలాలో ఉంచే కాలనీగా, స్టువర్టుపురం వెలిసింది. ముద్ర పడ్డ కులంలో పుడితే చాలు, మనిషి పేరు రిజిస్టరులోకి ఎక్కించవచ్చు. హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే పాసు కావాలి.

పుట్టుకతోనే కొందరు నేరగాళ్లని, దవడ, చెవులు, నుదురు చూసి వాళ్లని పట్టేయొచ్చని ఇటలీ డాక్టరు లాంబ్రోసో పుస్తకం రాసింది 1876లో. అంటే ఆ పుస్తకం కన్నా ఐదేళ్ల ముందే మన దేశంలో పుట్టుకని బట్టి నేరగాణ్ని తేల్చే చట్టం వచ్చేసింది. చార్లెస్ గోరింగ్ అనే ఇంగ్లీషు జైలు డాక్టరు దాదాపు 3,000 మంది ఖైదీలను కొలిచి, బయటివాళ్లతో పోల్చి, నేరగాడికంటూ ప్రత్యేకమైన రూపం లేదని 1913లో తేల్చాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇక్కడ సెటిల్‌మెంట్లు కడుతున్నారు. నేను ఏటా పిల్లల్ని తిమింగలం అస్థిపంజరం చూపించడానికి ఎగ్మూరు మ్యూజియానికి తీసుకెళ్లేవాణ్ని. 1885 నుంచి 1908 దాకా ఆ మ్యూజియం అధికారిగా ఉన్న ఎడ్గర్ థర్‌స్టన్ మన కులాల వాళ్ల తలలు, ముక్కులు పరికరాలు పెట్టి కొలిచాడని చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ తర్వాత ఆ మెట్లెక్కుతుంటే మనసు అదోలా అయ్యేది.

ఇక మీ వ్యాసంలోని జన్యువు సంగతి. మెదడులోని కొన్ని రసాయనాలను విరిచేసే ఎంజైమును తయారుచేయించే ఎంఏఓఏ జన్యువు పని తక్కువగా ఉన్నవాళ్లు హింసకి దిగుతారని రాశారు. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో పుట్టిన పిల్లల్ని పెద్దయ్యేదాకా గమనించి 2002లో ఫలితాలు ప్రకటించారు. అందులోని మగపిల్లల్లో మూడో వంతుకు పైగా ఆ రకం జన్యువు ఉన్నవాళ్లే! మూడో వంతు మంది నేరగాళ్లు కాలేదు కదా. చిన్నతనంలో దెబ్బలు, దారుణమైన హింస అనుభవించిన పిల్లల్లోనే ఆ జన్యువు తేడా చూపించింది. బాగా చూసుకున్న ఇళ్లలో పెరిగిన పిల్లల్లో దాని వల్ల చెప్పుకోదగ్గ తేడా లేదు. నా మట్టుకు ఇది పిల్లల్ని ఎలా పెంచుతున్నామో అడిగే అధ్యయనం. వ్యాసంలో ఈ మాటే లేదు.

మెదడు స్కానుల మాట కూడా అంతే. 1997లో ఏడ్రియన్ రెయిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 41 మంది హంతకుల మెదళ్లను పరీక్షించి, ముందు భాగంలో చురుకు తక్కువగా ఉందని చెప్పిన మాట నిజం. కానీ వాళ్లంతా కోర్టులో మతిస్థిమితం లేదని వాదించుకున్నవాళ్లు. అలాంటివాళ్ల స్కానులు చూసి దొంగతనాల గురించి ఏం చెబుతాం? పైగా ఆ లోపం పుట్టుకతో వచ్చిందో, తలకి దెబ్బ తగిలి వచ్చిందో స్కాను చెప్పదు.

ఇంకొక్క మాట. మన దేశంలో ఖైదీల్లో నూటికి 95 మందికి పైగా మగవాళ్లే. శరీరానికీ నేరానికీ ఇంతకన్నా కళ్లకు కట్టే లెక్క ఇంకోటి లేదు. మా బ్లాకులో ఉన్న మగవాళ్లందరికీ, నాతో సహా, మగపుట్టుకని నిర్ణయించే వై క్రోమోజోము ఉంది. మా సంచులు ఎవరూ వెతకలేదు. వందమందిని కలిపి తీసిన సగటు ఎదురుగా ఉన్న ఒక్క మనిషి గురించి ఏమీ తేల్చదని మా విషయంలో అందరికీ తెలుసు. ఆ పిల్లాడి దగ్గరికి వచ్చేసరికే మర్చిపోయాం.

నేరజాతుల చట్టాన్ని 1952లో దేశమంతా రద్దు చేశారు. మద్రాసులో అంతకుముందే, 1948లోనే, అలవాటు నేరస్థుల చట్టం తెచ్చిపెట్టారు. జైళ్లలో విముక్త జాతుల వాళ్లను, అంటే ఒకప్పుడు నేరజాతి ముద్ర పడి ఆ చట్టం రద్దుతో బయటపడ్డవాళ్లను, అలవాటు నేరస్థులుగా చూడకూడదని సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది, అదీ 2024 అక్టోబరులో.

ఆ పిల్లాడు ఇప్పుడు మెట్ల దగ్గరికి రావడం లేదు. గేటు బయట వేపచెట్టు కింద నిలబడుతున్నాడు. మా ఇంట్లో కూర్చుని చదువుకోరా అంటే ‘పర్లేదు సార్, అమ్మ వచ్చేస్తుంది’ అన్నాడు.

మిమ్మల్ని అడిగేవి రెండే. క్రైమ్ వార్తల్లో ‘స్టువర్టుపురం ముఠా’ లాంటి మాటలు, కులాల పేర్లు రాయడం ఆపండి. పట్టుబడ్డ మనిషి పేరు చాలు. రెండోది, అదే ఆదివారం పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో మిగతా సగం వేయండి. వేసిన రోజున దాన్ని ఫొటో తీసి మా గ్రూపులో నేనే పెడతాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ జంతుశాస్త్ర ఉపాధ్యాయుడు,
పెరంబూరు, చెన్నై