మన తెలుగు సంఘం క్రీడా విభాగం: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

2024 జూలై నుంచి 2025 జూన్ వరకు అమెరికాలోని శాన్ ఆంటోనియోలో మన క్రీడా విభాగం చేసిన పనుల నివేదిక ఇది. సంక్రాంతి క్రికెట్ పోటీలు, మహిళల త్రోబాల్ ఎప్పటిలాగే సందడిగా జరిగాయి. జమాఖర్చులు కోశాధికారి విడిగా చదువుతారు. ఈసారి ఎక్కువ చెప్పుకోవాల్సింది బాస్కెట్‌బాల్ గురించే. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆడే మన ఊరి స్పర్స్ జట్టు డ్రాఫ్ట్‌లో (ఏటా జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను తీసుకునే కార్యక్రమం) కుర్రాళ్లను ఎలా ఎంచుకుంటుందనే దానిపై పెట్టిన చర్చలకు హాలు నిండిపోయింది. పిల్లలే పెద్దలను లాక్కొచ్చారనడం సబబు.

మొదటి చర్చ లాటరీ మీద. డ్రాఫ్ట్‌లో ముందుగా ఎంచుకునే వంతులు, అంటే పై పిక్‌లు, ఎవరికో తేల్చేది ఇదే. ప్లేఆఫ్స్‌కు (టైటిల్ కోసం జరిగే చివరి దశకు) వెళ్లని 14 జట్ల కోసం యంత్రంలో 14 పింగ్‌పాంగ్ బంతులు వేసి తిప్పి, నాలుగు తీస్తారు. వాటితో 1001 కలయికలు వస్తాయి. ఒకటి పక్కన పెట్టి మిగతా వెయ్యిని జట్లకు పంచుతారు. అట్టడుగున ఉన్న మూడు జట్లకు 140 చొప్పున, అంటే మొదటి పిక్‌కు 14 శాతం అవకాశం. 2023లో ఫ్రాన్స్ ఆటగాడు విక్టర్ వెంబన్యామా మొదటి పిక్‌గా మనకు దక్కింది ఆ 14 శాతంతోనే. 1997లో మొదటి పిక్‌గా టిమ్ డంకన్ వచ్చినప్పుడైతే మనకంటే బోస్టన్‌కే ఎక్కువ అవకాశం ఉంది. 2025 మే నెలలో మొదటి పిక్‌కు 6 శాతమే అవకాశం ఉన్న మన జట్టు ఏకంగా రెండో పిక్ కొట్టింది. ఇదంతా యాజమాన్యం తెలివేనని వాదించిన సభ్యులున్నారు. తెలివికి ఇందులో చోటెక్కడిది, నక్క తోక తొక్కారంతే!

తెలివి చూడాలంటే కింది పిక్‌లు చూడాలి. మాను జినోబిలీ 1999లో 57వ పిక్. అర్జెంటీనా కుర్రాడు, అప్పటికి ఇటలీలో ఆడుతున్నాడు. అక్కడే రాటుదేలనిచ్చి 2002లో తెచ్చుకున్నారు. టోనీ పార్కర్ కథ పిల్లలు రెండుసార్లు చెప్పించుకున్నారు. ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఆ కుర్రాడు మొదటి ట్రయల్‌లో తేలిపోయాడు. కోచ్ గ్రెగ్ పోపోవిచ్ ఇక చాలన్నాడు. సిబ్బంది పాత ఆటల వీడియో చూపించి ఒప్పిస్తే మళ్లీ పిలిచారు. రెండోసారి అదరగొట్టాడు. 2001లో 28వ పిక్‌గా వచ్చి, నాలుగు టైటిళ్లు గెలిచాడు.

అన్నీ ఇలా కలిసిరాలేదు. 2019లో 19వ పిక్‌గా తీసుకున్న లూకా సమానిచ్‌ను రెండేళ్లకే వదులుకున్నారు. అదే రాత్రి 29వ పిక్‌గా దొరికిన కెల్డన్ జాన్సన్ ఇంకా జట్టులోనే ఉన్నాడు. మొదటి ఏడాది అతను ఎక్కువగా ఆడింది ఆస్టిన్‌లోని అనుబంధ జట్టుకు. డెరిక్ వైట్, డెజాంటే మర్రే కూడా అక్కడ ఆడి వచ్చినవాళ్లే. ఎంచుకోవడం ఒక్క రాత్రి పని, తయారుచేయడం ఏళ్ల తరబడి పని అని ఈ జట్టుకు తెలుసు.

అయితే ఈ ఓపిక ఖర్చు ప్రేక్షకుల నెత్తిన పడుతుంది. 2022–23, 2023–24లో వరుసగా రెండు సీజన్లు 22 గెలుపులు, 60 ఓటములు. టికెట్లు కొన్న మన సభ్యుల గోడు సమావేశంలో బాగానే వినిపించింది. దానికి తోడు 2024లో 8వ పిక్‌ను మిన్నెసోటాకు ఇచ్చేసి, బదులుగా 2031 మొదటి రౌండు పిక్ తీసుకున్నారు. ఆ పిక్‌తో వచ్చేవాడు ఇంకా బడిలోనే చదువుతుంటాడు! మన శిక్షణ శిబిరం పిల్లల ఈడువాడన్నమాట. దీనిపై చర్చ వేడెక్కి, టీ చల్లారిపోయింది. అదే రాత్రి 4వ పిక్‌గా తీసుకున్న స్టెఫాన్ కాసిల్‌కు ఈ ఏడాది ఉత్తమ రూకీ (తొలి సీజన్ ఆటగాడు) అవార్డు వచ్చాక విమర్శలు కొంత తగ్గాయి.

జూన్ 25న డ్రాఫ్ట్‌ను అందరం కలిసి పెద్ద తెరపై చూశాం. రెండో పిక్‌గా డిలన్ హార్పర్ పేరు వినగానే పిల్లల కేకలకు పక్క గదిలో భజన ఆగింది. భజన బృందానికి క్షమాపణలు.

ఇక మన వారాంతపు శిక్షణ సంగతి. పొడుగు పిల్లలకే జట్టులో చోటిస్తున్నారని కొందరు తల్లిదండ్రులు ఫిర్యాదు చేశారు. అందులో నిజముంది. వచ్చే ఏడాది నుంచి ఒక్క ట్రయల్‌తో ఎవరినీ పక్కన పెట్టం. నెల తర్వాత రెండో ట్రయల్ ఉంటుంది. ఇది కార్యవర్గం తీర్మానం.

కొత్త సీజన్‌లో పిల్లలను ఆస్టిన్ జట్టు ఆట చూడటానికి తీసుకెళ్లాలని ఉంది. రానుపోను కార్లు కావాలి. బండి ఇవ్వగలిగినవాళ్లు దసరాలోపు క్రీడా విభాగానికి చెప్పండి. శిక్షకుడి పోస్టు కూడా ఖాళీగానే ఉంది. జీతం లేదు, భోజనం మాత్రం ఉంది.

– కార్యదర్శి, క్రీడా విభాగం