వేలాడుతున్న గౌను పక్కన కూర్చుని

ప్రియమైన నేస్తానికి,

నీ ఉత్తరం వచ్చి నెల దాటినా జవాబు రాయనందుకు నువ్వు అలిగే ఉంటావు. ఈ రోజు మాత్రం ఎంత పొడుగు ఉత్తరమైనా రాసేటంత తీరిక దొరికింది. నేను కుడుతున్న గౌను నా ఎదురుగానే హ్యాంగరుకు వేలాడుతోంది. రేపు పొద్దుటి దాకా దాని కింది అంచు మడవకూడదు. ఎందుకు మడవకూడదో చెప్పాలంటే నేను చేసిన ఒక తెలివితక్కువ పని దగ్గర మొదలుపెట్టాలి. నవ్వుకో, కానీ ఎవరికీ చెప్పకు.

పాత బట్టల గుట్టలో నాకు ఒక ముదురు నీలం గౌను దొరికిందని కిందటిసారి రాశాను కదా. భుజాల దగ్గర కొద్దిగా బుట్ట చేతులు, నడుము దాకా ఒంటికి అంటిపెట్టుకున్న పైభాగం, అక్కడి నుంచి నీళ్లు జారినట్టు జారే పావడా. ఇంటికి తెచ్చి కొలతలన్నీ పుస్తకంలో రాసుకున్నాను. ఆ ఒక్క పనీ బుద్ధిగా చేశాను. ఆ తర్వాత పాత పెట్టె వాసన పోతుందని దాన్ని చల్లనీళ్లలో ముంచాను. చూస్తుండగానే అది చేతిలో గరగరలాడుతూ ముడుచుకుపోయింది. ఆరాక నడుము కొలిస్తే ఇరవై ఏడు అంగుళాలు కాస్తా ఇరవై మూడయింది.

అది రేయాన్ క్రేప్, అంటే కృత్రిమ పట్టు దారంతో నేసిన ముడతల బట్ట. క్రేపు నేసేటప్పుడు అడ్డపోగును విపరీతంగా మెలిపెట్టి నేస్తారు. ఆ మెలికే బట్టకు సన్నటి గరుకును, ఆ జారుడును ఇస్తుంది. నీళ్లు తగలగానే పోగు ఉబ్బి, మెలిక బిగుసుకుని, అడ్డంగా లోపలికి లాక్కుంటుంది. పైగా రేయాన్ తడిస్తే సగం బలం కోల్పోతుంది కాబట్టి గట్టిగా పిండి ఉంటే చిరిగేది కూడా. ఉతికే పద్ధతి చెప్పే చీటీని బట్టలకు తప్పనిసరిగా కుట్టాలన్న నిబంధన అమెరికాలో 1972లో గాని అమలులోకి రాలేదు. ఏదైనా పాత గౌనులో అలాంటి చీటీ కనిపిస్తే అది చాలావరకు ఆ తర్వాతదేనని లెక్క వేసుకోవచ్చు. నా గౌనుకు ఆ చీటీ ఉండి ఉంటే ఈ కథే లేదు.

కట్టుకోవడానికి పనికిరాదని తేలాక, సరే, కనీసం చదువుదామని కుట్లు విప్పడం మొదలుపెట్టాను. రెండు సాయంత్రాలు పట్టింది. ఇన్నాళ్లూ పాత ఫొటోలు చూసి నేను నేర్చుకున్నదంతా బట్టల పైముఖమేనని, అసలు సంగతులన్నీ లోపలి వైపు ఉంటాయని అప్పుడు తెలిసింది. కంపెనీ పేరు చీటీ ఎక్కడా లేదు. కుట్టు అంచులు పీచు లేవకుండా చేత్తో చుట్టుకుట్టు వేశారు, ఒక చోట దగ్గరగా, ఒక చోట దూరంగా. ఇంట్లో కూర్చుని కుట్టుకున్న గౌను అన్నమాట. పక్క కుట్ల లోపల అంగుళం బట్ట వదిలారు. ఆ వదిలిన బట్ట మీద పాత సూది రంధ్రాల వరుస ఒకటి నిలువునా ఉంది. ఎప్పుడో ఒకసారి ఆమె, ఎవరో ఆమె, కాస్త ఒళ్లు చేసి పక్కలు వదులు చేసుకుంది. చంక కింద అరచేతి వెడల్పు అతుకు ఉంది, అదీ పోగు దిశ తప్పకుండా. కింది అంచు విప్పితే పాత మడత గీత బయటపడింది, ఇప్పుడున్న దానికన్నా మూడు అంగుళాలు కిందికి. మడత లోపల దాగిన నీలం ఎంత ముదురుగా ఉందంటే, మిగతా గౌనంతా వెలిసిపోయిందని దాన్ని చూశాకే తెలిసింది.

ఆ అంచులో ఒక వంక కూడా కనిపించింది. పావడా ముక్కలను బల్ల మీద పరిస్తే ఎడమ ముక్క అంచు కుడి ముక్క కన్నా దాదాపు అరంగుళం పైకి కత్తిరించి ఉంది. పాపం చెయ్యి తిన్నగా లేని మనిషి అనుకుని నవ్వుకున్నాను. ఈ మాట గుర్తుంచుకో.

ఇక జిప్పు. ఎడమ పక్క కుట్టులో, ఇనుప పళ్లతో, ఏడు అంగుళాలు. మనకు ఈనాడు తెలిసిన జిప్పుకు రూపం ఇచ్చినవాడు గిడియన్ సండ్‌బ్యాక్, 1913లో. దాని మెరుగుపడ్డ రూపానికి పేటెంటు 1917లో వచ్చింది. కానీ అది ముందు రబ్బరు బూట్లకూ పొగాకు సంచులకూ పోయింది. ఆడవాళ్ల గౌన్ల దాకా రావడానికి ఇంచుమించు ఇరవై ఏళ్లు పట్టింది. నైలాను జిప్పులు 1960ల్లో గాని వాడుకలోకి రాలేదు. బుట్ట చేతులు, క్రాస్ కటింగ్ (బట్టను పోగులకు ఏటవాలుగా కోసిన) పావడా, పక్కన ఇనుప జిప్పు, ఈ మూడూ కలిపి చూసి నాది 1930ల చివరిదని తీర్మానించుకున్నాను. ఎడమ పక్కనే ఎందుకో తొడుక్కుని చూసిన రోజునే అర్థమైంది. కుడిచేతిని ఒంటికి అడ్డంగా తెచ్చి లాగితే ఇంకొకరి సాయం అక్కర్లేదు.

ఆ మూడు అంగుళాల సంగతికి మళ్లీ వస్తాను, అది నన్ను వదలడం లేదు. 1940ల్లో పావడాలు మోకాలి దాకా పొట్టివయ్యాయి, అందులో సోకు పాత్ర తక్కువ, యుద్ధం పాత్ర ఎక్కువ. బ్రిటన్‌లో 1941 జూన్ 1 నుంచి బట్టలకు రేషను పెట్టారు. మొదటి ఏడాది మనిషికి 66 కూపన్లు, అందులో ఒక్క ఉన్ని గౌనుకే 11 పోయేవి. మగవాళ్ల ప్యాంట్ల కింది మడతలను కూడా నిషేధించారు. అమెరికాలో 1942 నాటి ఉత్తర్వు ఒకటి గౌను అంచు మడత రెండు అంగుళాలకు మించకూడదంది. అలాంటి రోజుల్లో కొత్తది కుట్టుకోవడం కన్నా ఉన్నదాన్ని ఎత్తి మడుచుకోవడమే సుళువు. బ్రిటన్‌లో ఆ రేషను 1949 మార్చి దాకా సాగింది. దాని నడుమ, 1947 ఫిబ్రవరి 12న ప్యారిస్‌లో దుస్తుల రూపకర్త క్రిస్టియన్ డియోర్ సన్నటి నడుము, పిక్కల దాకా దిగే గజాల కొద్దీ బట్ట ఉన్న పావడాలు చూపించాడు. పత్రికా సంపాదకురాలు కార్మెల్ స్నో నోటి నుంచి వచ్చిన ‘న్యూ లుక్’ అన్న మాటే దానికి పేరైపోయింది. అమెరికాలో కొందరు ఆడవాళ్లు పొడుగు పావడాలు మాకొద్దంటూ సంఘమే పెట్టారు. నేను ఇన్నాళ్లూ వాళ్లను ఛాదస్తుల కింద జమకట్టాను. ఎత్తి మడిచిన అంచును చేత్తో పట్టుకున్నాక ఆ కోపమూ న్యాయమే, గజాల కొద్దీ బట్ట కోసం ఆ మోహమూ న్యాయమే అనిపిస్తోంది.

అచ్చు అలాంటిదే కొత్త గౌను కుట్టాలని, ముక్కలన్నీ ఇస్త్రీ చేసి, వాటినే ఆదిగా పెట్టుకుని కాగితం మీద గీయాలనుకున్నాను. అక్కడ వచ్చింది చిక్కు. ముడుచుకున్న ముక్కలు అసలు కొలత చెప్పవు కదా. నిలువునా కొంచెమే తగ్గి, అడ్డంగా బాగా తగ్గాయి. పుస్తకంలో రాసుకున్న పాత కొలతలు లేకపోతే గోవిందా. సాయంగా ఆ కాలం నాటి ప్యాటర్న్ కాగితం, అంటే బట్ట మీద పెట్టి కత్తిరించే నమూనా, ఒకటి సంపాదించాను. కొలతల వారీగా కాగితపు ప్యాటర్న్లను ఎబనేజర్ బటరిక్ 1863లో అమ్మకానికి తెచ్చాడు. పల్చటి కాగితం మీద అక్షరం ముక్క ఉండదు, చిన్నవీ పెద్దవీ గుండ్రటి రంధ్రాలే ఉంటాయి. ఇక్కడ టక్కు, ఇక్కడ మడత, ఈ వరుస నిలువు పోగు మీద రావాలి, అన్నీ ఆ రంధ్రాల భాషే. చీకట్లో తడుముకున్నట్టే ఉంటుంది. అయినా అచ్చు గీతలున్న కాగితం కన్నా ఇదే బుద్ధి పెట్టి చదివిస్తుంది. సైజు నంబరును మాత్రం నమ్మకు. ఆనాటి పద్నాలుగు ఈనాటి పద్నాలుగు కన్నా చాలా చిన్నది. ఛాతీ కొలత ఒక్కటే చూసుకో.

పావడా క్రాస్‌గా కత్తిరించినదని చెప్పాను కదా. ఈ విద్యను శిఖరానికి చేర్చింది ఫ్రెంచి దుస్తుల రూపకర్త మదెలీన్ వియోనే. ఆమె కాగితం మీద బొమ్మలు గీయడం మాని చిన్న చెక్కబొమ్మకు బట్ట చుట్టి, అక్కడే కత్తిరించి, తర్వాత మనిషి కొలతకు పెంచేది. నీ చేతిరుమాలు తీసుకుని ఎదురెదురు అంచులు పట్టుకుని లాగు, కదలదు. ఎదురెదురు మూలలు పట్టుకుని లాగు, రబ్బరులా సాగుతుంది. నిలువు పోగైన పడుగూ, అడ్డపోగైన పేకా ఒకదాని మీద ఒకటి వాలిపోవడమే దానికి కారణం. అందుకే క్రాస్‌గా కోసిన బట్ట టక్కుల అవసరం లేకుండానే ఒంటి వంపును పట్టుకుంటుంది. తంటా ఏమిటంటే, కుట్టిన తర్వాత కూడా తన బరువుకు తనే సాగుతూ ఉంటుంది. ఒక రోజన్నా వేలాడదీసి, అది సాగినంత సాగాకే అంచు సరిచేయాలి. ఇదిగో, ఈ తీరిక అదే.

ఇప్పుడే లేచి నేల నుంచి స్కేలు పెట్టి కొలిచాను. కుడి పక్క పావు అంగుళం దిగింది, ఎడమ పక్క ముప్పావు. ఒక ముక్కకు పడుగు ఎటు వాలిందో రెండో ముక్కకు పేక అటు వాలింది, రెండూ ఒకేలా సాగవు. బల్ల మీద పరిచిన ఆ పాత అంచు వెంటనే గుర్తొచ్చింది. ఎడమ ముక్కే, అదే అరంగుళం. ఆమె చెయ్యి వంకర కాదు నేస్తం. ఆమె గౌనును వేలాడదీసి, దిగేదాకా ఆగి, దిగినంత మేరా కత్తిరించింది. తొడుక్కుంటే ఆ అంచు నేలకు గీత గీసినట్టు సమంగా ఉండి ఉంటుంది.

రేపు పొద్దున్న నేనూ ఎడమ పక్క అరంగుళం ఎక్కువ కోస్తాను. నీ ఛాతీ, నడుము కొలతలు, నడుము నుంచి మోకాలి దాకా పొడవు మర్చిపోకుండా రాసి పంపు. ప్యాటర్న్ ఎలాగూ గీసి పెట్టాను.

ఇట్లు,
నీ నేస్తం